ప్రాణహిత ఒడ్డు బడిలో పదకొండు నెలలు

“త్రేపన్న” అన్నాను, మరాఠీలో. రెండో తరగతి పిల్లలు తొమ్మిది మంది పలకల మీద రాసి, ఎప్పట్లాగే తలల పైకెత్తి చూపించారు. ఆరు పలకల మీద 35 ఉంది. ఒకదాని మీద 503. ఇద్దరు మాత్రం 53 రాశారు. ఆ ఇద్దరిలో ఒకడు పక్క పలక చూసి రాశాడని నాకు తెలుస్తూనే ఉంది.

“త్రే... పన్న” అని ఈసారి ఇంకా గట్టిగా, సాగదీసి చెప్పాను. అర్థం కానిదాన్ని గట్టిగా చెప్తే అర్థమవుతుందని ఆ రోజుకు నా నమ్మకం. పిల్లలు తుడిచారు, మళ్ళీ 35 రాశారు. వెనక గోడకు ఆనుకొని కూర్చున్న మా గురూజీ ఒక్క మాటా అనలేదు. పిల్లల ముందు నన్ను సరిదిద్దడం ఆయన పదకొండు నెలల్లో ఒక్కసారి కూడా చేయలేదు.

సాయంత్రం గంట కొట్టి పిల్లలంతా వెళ్ళిపోయాక అడిగారు. “బాళా, ఈ అంకెను ఇంట్ల మీ అమ్మ ఏమంటది?”

“యాభై మూడు.”

“అండ్ల ముందుగాల ఏది వినవడ్తది?”

“యాభై.”

“మరి త్రేపన్నల?”

జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. త్రే అంటే మూడు. పన్న అంటే యాభై. మరాఠీలో ఒకట్లు ముందు పలుకుతారు, పదులు తర్వాత. తెలుగులో మనం పలికే వరుసే రాసే వరుస. పిల్లల చెవికి ముందు మూడు తగిలింది, చెయ్యి ముందు మూడు వేసింది. వాళ్ళు విన్నది విన్నట్టే రాశారు. 29 అయితే ఇంకా చిక్కు. మరాఠీలో ఏకోణ్‌తీస్, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. పిల్లకు అందులో ‘ఏక్’ వినిపిస్తుంది, ‘తీస్’ వినిపిస్తుంది, 31 రాసి సంతోషంగా పలక ఎత్తుతుంది.

నేనూ ఈ సిరొంచ తాలూకాలోనే, అలాంటి తెలుగు ఇంట్లోనే పుట్టి, అలాంటి మరాఠీ బడిలోనే చదువుకున్నదాన్ని. ఏడేళ్ళప్పుడు నేనూ ఇదే తప్పు చేసి ఉంటాను, ఇదే మాటకు దెబ్బలు తిని ఉంటాను. ఆ దారిన నడిచొచ్చినంత మాత్రాన, వెనక వచ్చేవాళ్ళు ఎక్కడ తట్టుకుని పడుతున్నారో మనకు కనిపించదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూపించాలి. నాకు చూపించింది ఇంట్లో మరాఠీ మాట్లాడే మనిషి.

2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి వేసే రెండో తరగతి లెక్కల పుస్తకం మారినప్పుడు ఈ విషయం మీదే రాష్ట్రమంతా గొడవైంది. 21కి ఏకవీస్‌తో పాటు ‘వీస్ ఏక్’ అని కూడా ఆ పుస్తకంలో ఇచ్చారు. పాత పేర్లు చిన్నపిల్లలకు కష్టమవుతున్నాయని, దక్షిణాది భాషల్లోలాగా పదులు ముందు చెప్తే తేలికని గణిత సమితి అధ్యక్షురాలు మంగళా నార్లీకర్ వివరించారు. మరాఠీ పాడైపోతుందని చాలామంది కోప్పడ్డారు. శాసనసభలో కూడా మాట్లాడారు. అప్పుడు టీవీ చూస్తూ, ఇంత చిన్న సంగతికి ఇంత గొడవ ఎందుకా అనుకున్నాను. ఐదేళ్ళ తర్వాత ఆ తొమ్మిది పలకల ముందు నిలబడ్డాక అది చిన్న సంగతి కాదని తెలిసింది.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. జిల్లా కేంద్రానికి పోవాలంటే 200 కిలోమీటర్ల పైమాటే. కాళేశ్వరం పోవాలంటే గోదావరి మీద వంతెన దాటితే చాలు. వంతెన కట్టకముందు పడవలే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి లోపలి ఊళ్ళలో మాడియా. నేను ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా మరాఠీలోనే చదివాను. తెలుగు అక్షరాలు మాత్రం మహాదేవపూర్‌లో, అమ్మమ్మ ఇంట్లో, వేసవి సెలవుల్లో మామ కూతురి పాత వాచకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. ఆ సెలవులు లేకపోతే ఇది రాయగలిగేదాన్ని కాదు. తెలుగు తప్ప ఇంకో భాష ఇంట్లో మాట్లాడకుండా, తెలుగు బోర్డు చదవలేని నా ఈడు వాళ్ళు మా దగ్గర ఎంతమందో ఉన్నారు.

ప్రాథమిక బడి టీచర్ల డిప్లొమా డి.ఎల్.ఎడ్. (మేమంతా డి.ఎడ్. అనే అంటాం) 2018లో పూర్తి చేశాను. రెండేళ్ళ చదువు. అందులో బోధన ఎలా నేర్పారో చెప్పాలి. మొదట సూక్ష్మ పాఠాలు: ఆరు నిమిషాల పాఠం, తోటి ఛాత్రాధ్యాపకులే పిల్లల్లా కూర్చుంటారు. తర్వాత సరావ్ పాఠాలు: దగ్గర్లోని బడికి వెళ్ళి నిజం పిల్లలకు చెప్పడం. ప్రతి పాఠానికీ టాచణ్, అంటే పాఠ పథకం, రాయాలి. ఉద్దేశాలు ఎర్ర పెన్నుతో, ప్రశ్నలు నీలం పెన్నుతో. పర్యవేక్షించే సార్ వెనక బెంచీలో పది నిమిషాలు కూర్చుని, ‘నల్లబల్ల వాడకం బాగుంది’ అని మరాఠీలో రాసి సంతకం చేసేవారు. పాఠం ముందు రోజే మేము పిల్లలకు జవాబులు చెప్పి పెట్టేవాళ్ళం. చెయ్యి ఎవరెత్తాలో కూడా చెప్పేవాళ్ళం. అందరూ అలాగే చేసేవారు. నేను చెప్పిన అన్ని పాఠాల్లో ఒక్కదానికి కూడా ‘పిల్లలు ఏం నేర్చుకున్నారు’ అని ఎవరూ అడగలేదు.

తర్వాత పరీక్షలు. టెట్‌లో 150 ప్రశ్నలు. టీచరు ఉద్యోగాల ఎంపికకు పెట్టే టెయిట్‌లో రెండు గంటల్లో 200 ప్రశ్నలు. రాశాను, మళ్ళీ రాశాను, మధ్యలో ఓపెన్ యూనివర్సిటీ నుంచి డిగ్రీ చేశాను, పత్తి ఏరాను, ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పాను. ఈ పరీక్షలు తప్పని నేననను, వడపోత ఏదో ఒకటి ఉండాలి. కానీ ఆ 350 ప్రశ్నల్లో ఒక్కటి కూడా నా ముందు ఒక పిల్లను కూర్చోబెట్టి, ‘ఈమెకు 53 ఎందుకు రావడం లేదో చూడు’ అనలేదు.

2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ముఖ్యమంత్రి యువ కార్య ప్రశిక్షణ యోజన మొదలుపెట్టింది. 18 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉన్న నిరుద్యోగులు ఆరు నెలలు ఏదో ఒక చోట పని నేర్చుకోవాలి. పన్నెండో తరగతి చదివిన వాళ్ళకు నెలకు 6,000, ఐటీఐ, డిప్లొమా వాళ్ళకు 8,000, డిగ్రీ, ఆపైన చదివిన వాళ్ళకు 10,000 రూపాయల భృతి. డి.ఎడ్., బి.ఎడ్. చదివిన వాళ్ళను చాలా చోట్ల జిల్లా పరిషత్ బడులకు పంపారు. తర్వాత గడువు ఇంకో ఐదు నెలలు పెంచారు. ఇది టీచర్లను తయారు చేయడానికని పుట్టిన పథకం కాదు. ఫలానా ఆయన దగ్గర ఇది నేర్చుకో అని నా చేతికి ఎవరూ కాగితం ఇవ్వలేదు. నాతోపాటు చేరిన ఒక స్నేహితురాలిని మొదటి రోజే నలభై మంది పిల్లల ముందు ఒంటరిగా నిలబెట్టారు. ఆరు నెలల తర్వాత కూడా ఆమె ఒంటరిగానే ఉంది. టీచరు లేని ఖాళీలో ఆమెను పెట్టారు, అంతే. నాకు దొరికిన మనిషి వల్ల నాది మాత్రం శిష్యరికం అయింది.

సెప్టెంబరులో చేరాను. నది ఒడ్డు ఊరు, రెండు గదుల బడి, ఒకటి నుంచి నాలుగు దాకా 38 మంది పిల్లలు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లుండాలి. రెండో పోస్టు ఖాళీగా ఉంది. నాలుగు తరగతులూ, ముఖ్యాధ్యాపకుడి పనీ, ఖిచిడీ లెక్కలూ, ఆన్‌లైన్‌లో ఎక్కించే సమాచారమూ అన్నీ గురూజీయే. ఆయనది బ్రహ్మపురి వైపు. మా దగ్గరికి వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. వచ్చిన కొత్తలో ఒక ఆకు పట్టుకుని ఒకటో తరగతి పిల్లల్ని “హే కాయ్ ఆహే?” అని అడిగారట. ఇదేమిటి అని. పిల్లలంతా ఒక్క గొంతుతో “కాయ గాదు సార్, ఆకు!” అన్నారట. తనకు తెలుగు రాకపోతే ఈ ఊళ్ళో తన ఒక్క ప్రశ్న కూడా పిల్లల దాకా చేరదని ఆ పూట ఆయనకు అర్థమైంది. అప్పటి నుంచి తెలుగు మాటలు దేవనాగరి లిపిలో ఒక వహీలో, అంటే నోటుపుస్తకంలో, రాసుకుంటూ వచ్చారు. నేను చూసేసరికి ఆ వహీ అట్టలు ఊడిపోయి, దారంతో కుట్టి ఉంది. పిల్లల దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి ఆయన మాటలో ఇప్పటికీ పిల్లల యాసే వినిపిస్తుంది. పిల్లల ముందు నన్ను మేడం అనేవారు. వాళ్ళు వెళ్ళాక బాళా, అంటే బిడ్డా.

మొదటి రోజు నేను కొత్త చీర కట్టుకుని, డి.ఎడ్. అలవాటు కొద్దీ టాచణ్ రాసుకుని, చార్టు చుట్టి పట్టుకుని వెళ్ళాను. గురూజీ చార్టు తీసి బీరువా మీద పెట్టారు. కిటికీ పక్కన ఒక పొట్టి స్టూలు వేసి, చేతికి వంద పేజీల వహీ ఇచ్చారు. “ఈ నెల నువ్వు చెప్పేది లేదు. దినాం ముగ్గురు పోరల్ని చూడు. పాఠం చూడకు. నన్ను చూడకు. ఆ ముగ్గురు ఏం చేస్తున్నరో గదే రాయి. మంచి పోరడు, మొద్దు పోరడు అని రాయకు. చేసింది రాయి.”

రెండు రోజులు ఏం రాయాలో తెలియలేదు. ‘శ్రద్ధగా వింటోంది’ అని రాస్తే, ఆయన చదివి, “శ్రద్ధ ఎట్ల కనవడ్డది?” అని అడిగేవారు. నిజమే, ఆ పిల్ల బోర్డు వైపు చూస్తోంది, అంతకు మించి నాకేమీ కనపడలేదు. మూడో రోజు నుంచి కనపడడం మొదలైంది. ఒకటో తరగతిలో ఒక పాప గురూజీ ఏది రాయమన్నా వెంటనే బలపం తీసేది, పక్క పిల్ల రాసేదాకా పలక తుడుస్తూనే ఉండేది, పక్క పిల్ల రాశాకే రాసేది. నెలలో ఒక్కసారి కూడా తానుగా ఒక అక్షరం వేయలేదు. హాజరులో, వహీలో, మార్కుల్లో ఎక్కడా ఆ సంగతి దొరకదు. ఆ పాప పక్కనే కూర్చుని ముప్పై నిమిషాలు వేరే పని లేకుండా చూస్తేనే దొరుకుతుంది. నాలుగు తరగతులు ఒక్కడే చూసుకునే మనిషికి ఆ ముప్పై నిమిషాలు ఉండవు. “నాకు నీ కండ్లు గావాలె” అని గురూజీ అన్నది అందుకేనని నాకు అప్పుడు తెలిసింది.

అక్టోబరులో పొద్దుటి పరిపాఠం, అంటే ప్రార్థన సభ, నా చేతికిచ్చారు. తర్వాత ఒకటో తరగతికి కథ. దీపావళి సెలవుల తర్వాత రెండో తరగతి లెక్కలు, మూడో తరగతి చదవడం. ఏది ఇచ్చినా ముందు తాను చేసి చూపేవారు, తర్వాత ఇద్దరం కలిసి, ఆ తర్వాత నేను ఒక్కదాన్ని, ఆయన వెనక. ఇంటికి వెళ్ళేముందు ముప్పావుగంట మాట. 35 రాసిన సాయంత్రం కూడా అలాంటి ముప్పావుగంటే. మర్నాడు ఆయన చెప్పినట్టు అగ్గిపుల్లల కట్టలు తెచ్చాను. పిల్లలు ఐదు కట్టలు, మూడు విడి పుల్లలు పెట్టి, ముందు ‘యాభై మూడు’ అన్నారు, తర్వాత ‘పన్నాస్ తీన్’, ఆ తర్వాత ‘త్రేపన్న’. త్రేపన్న అన్నప్పుడు చేత్తో ముందు విడి పుల్లల్ని, తర్వాత కట్టల్ని తాకాలి. అంకె రాసేటప్పుడు మాత్రం కట్టల దగ్గర మొదలుపెట్టాలి. మూడు వారాలు పట్టింది. ఒక పిల్లాడు మాత్రం జనవరి దాకా ప్రతి అంకెనూ ముందు తెలుగులో గొణుక్కుని రాసేవాడు. గొణుక్కోనియ్ అన్నారు గురూజీ.

ఇక నేను మరిచిపోలేని పొరపాటు. నవంబరు చివర, మూడో తరగతి పిల్లాడితో కాకీ కుండా కథ చదివిస్తున్నాను. మెల్లగా, వేలు పెట్టుకుని చదివేవాడు. అక్షరం తప్పిన చోటల్లా నేను ఆపి సరిచేశాను. పుస్తకంలో ‘కావళా’ అని ఉంది. వాడు ‘కాకి’ అన్నాడు. “కాకి కాదు, కావళా. చూసి చదువు” అన్నాను. మళ్ళీ ‘కాకి’ అన్నాడు. మళ్ళీ ఆపాను. ఆ కథ సగంలో వాడి గొంతు సన్నబడిపోయింది. మర్నాడు చదివే గంట రాగానే కడుపునొప్పి అన్నాడు. ఆ మర్నాడు కూడా.

సాయంత్రం గురూజీ తన డైరీలో ఒక పేజీ చూపించారు. తారీఖు కింద నిలువు గీతలు, ఐదేసి చొప్పున కట్టలు కట్టి. ఐదు కట్టలు, ఒక గీత. ఇరవై ఆరు.

“ఇదేంది గురూజీ?”

“పదకొండు నిమిషాలల్ల నువ్వు వాణ్ణి ఆపినయి.”

నేనేమీ మాట్లాడలేదు. ఆయనే అన్నారు. “అచ్చుల కావళా ఉన్నది, వాని నోట్లె కాకి అచ్చింది. అంటే ఏంది? వాడు చదివిండు, వానికి సమజైంది, ఇంటి మాటల చెప్పిండు. చదువుడంటే గదే గద బాళా. దాన్నే నువ్వు తప్పు అన్నవ్.”

ఆ రాత్రి అన్నం సయించలేదు. రెండేళ్ళ డి.ఎడ్.లో పఠనం మీద ఎన్ని నోట్సు రాసుకున్నానో లెక్కలేదు. కావళాను చూసి కాకి అన్న పిల్లాడు చదవడంలో అందరికంటే ముందున్నాడని ఏ నోట్సూ నాకు చెప్పలేదు. చెప్పినా తెలిసేది కాదేమో. వాడి గొంతు సన్నబడడం నా చెవులతో వినాలి, ఆ ఇరవై ఆరు గీతలు నా కళ్ళతో చూడాలి.

తర్వాత వారం గురూజీ వాణ్ణి నీళ్ళ రంజన్ దగ్గర కూర్చోబెట్టారు. ఎవరికీ వినిపించక్కర్లేదు, రంజన్‌కు చదివి వినిపించు అన్నారు. వాడు కుండకు ఆనుకుని, గోడ వైపు తిరిగి చదివేవాడు. నేను వీపు అటు తిప్పి, వేరే పిల్లల వహీలు దిద్దుతూ వినేదాన్ని. వాక్యం చివరికి వచ్చేసరికి అర్థం చెడితే వాడే వెనక్కి వెళ్ళి సరిచేసుకునేవాడు. నేను నోరు తెరవకుండా ఉండడం నేర్చుకున్నాను. అది పాఠం చెప్పడం కంటే చాలా కష్టం. డిసెంబరులో గురూజీ మళ్ళీ గీతలు గీశారు: తొమ్మిది. ఫిబ్రవరిలో నాలుగు.

జనవరి వచ్చింది. మా దగ్గర జనవరి అంటే మిర్చి. సంక్రాంతి చుట్టూ ఊరికి ఊరు మూటలు కట్టుకుని, మిర్చి ఏరడానికి నది దాటి తెలంగాణ జిల్లాలకు పోతుంది. ముసలివాళ్ళు మిగులుతారు. పిల్లలూ వెళ్ళిపోతారు. 38 మందిలో 22 మంది మిగిలారు. నా చిన్నప్పుడు మా తరగతిలోనూ ఇదే జరిగేది. వెళ్ళినవాళ్ళు వెనకపడేవాళ్ళు, తర్వాత మానేసేవాళ్ళు. నేను దాన్ని ఎండాకాలం రావడంలాగా, ఆపలేని సంగతి అనుకునేదాన్ని.

గురూజీ డిసెంబరులోనే ఇంటింటికీ తిరిగారు. నన్ను వెంట తీసుకుపోయారు. ఎవరు పోతున్నారు, ఎక్కడికి, ఎన్ని రోజులు, ఎవరింట్లో నానమ్మ ఉంది, ఆమెకు కళ్ళు కనపడతాయా లేదా, అన్నీ అడిగి రాసుకున్నారు. “పిల్లను తీస్కపోకున్రి” అని ఒక్క ఇంట్లో కూడా ఆయన మొదట అనలేదు. కూలి ఎట్లుంది, కిందటేడు ఎంత మిగిలింది, ఈసారి ఏ ఊరు అని అడిగాకే, “చిన్నదాన్ని అవ్వ దగ్గర ఇడ్సవెట్టున్రి, ఒక పూట తిండి బడిల అయితది” అనేవారు. ఐదుగురు పిల్లలు అలా ఆగారు. తక్కిన వాళ్ళకు ఒక్కొక్కరికీ పొడుగాటి వహీ ఒకటి. ఏం రాయాలంటే, రోజూ అమ్మ ఏరిన మిర్చి ఎన్ని కిలోలో, ఎంత కూలి పడిందో, అంతే.

మార్చి చివర వాళ్ళు తిరిగొచ్చారు. ఎండకు నల్లబడి, చేతివేళ్ళ చివర్లు మిర్చి ఘాటుకు తోలు లేచి. సగం మంది వహీలు పోగొట్టుకున్నారు. ఉన్నవి చూస్తే నాకు నోట మాట రాలేదు. రెండో తరగతి పిల్లాడు రెండు నెలల కిలోలు రాశాడు. కొన్ని రోజుల ఎదురుగా ‘వాన’ అని ఉంది, కొన్నిటికి ‘అమ్మకు జరం’. ఆ కిలోలతోనే కూడికలు, తీసివేతలు, ఏ వారం ఎక్కువ, ఏ వారం తక్కువ అని నాలుగు వారాలు లెక్కలు చెప్పాం. వదిలిపోయిన పుస్తకం పేజీల వెంట పరుగెత్తలేదు.

నాలుగో తరగతి పిల్ల ఒకతె వహీ చివరి పేజీలో లారీ మీద చూసి గీసిన తెలుగు అక్షరాలు తెచ్చింది. అవి అక్షరాలని దానికి తెలుసు, ఏమిటో తెలియదు. గురూజీకీ తెలియదు. తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. వహీ నా చేతికిచ్చారు. “మిర్చి” అని చదివాను. ఆ పిల్ల మొహం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. తను రోజూ నోటితో అనే మాట గీతల్లో కూడా ఉంటుందని దానికి ఆ రోజు తెలిసింది. గురూజీ సుద్దముక్క నాకిచ్చి పక్కకు జరిగారు. ఆ మధ్యాహ్నం మా నల్లబల్ల మీద ఒక పక్క మరాఠీ, ఒక పక్క తెలుగు. గురూజీ పిల్లలతోపాటు కింద కూర్చుని ‘మ’ దిద్దారు.

కళాశాలలో ఇంటర్న్‌షిప్ అని కొన్ని వారాలే పంపుతారు. అలా వచ్చి ఉంటే నేను దీపావళికి ముందు బడిని చూసి, అదే బడి అనుకుని వెళ్ళిపోయేదాన్ని. జనవరి ఖాళీ బల్లలూ, మార్చిలో తిరిగొచ్చిన వేళ్ళూ నా చదువులో ఉండేవి కావు. ఒకే టీచరు పక్కన, ఒకే పిల్లలతో, ఏడాది పొడుగునా ఉండాలని నేను అందరితో గట్టిగా వాదించేది ఇందుకే.

అమెరికాలో ఇలాంటి పద్ధతి ఉందని తర్వాత ఫోన్‌లో చదివాను. టీచర్ రెసిడెన్సీ అంటారు. డాక్టర్లు హౌస్ సర్జన్‌గా పెద్ద డాక్టరు వెంట ఉన్నట్టే, కొత్త టీచరు ఒక అనుభవమున్న టీచరు గదిలో ఏడాదంతా ఉంటారు. చికాగోలో 2001లో, బోస్టన్‌లో 2003లో, డెన్వర్‌లో 2004లో మొదలయ్యాయి. బోస్టన్‌లో వారానికి నాలుగు రోజులు బడి, మిగతా సమయంలో చదువు, ఆ తర్వాత మూడేళ్ళు ఆ నగరం ప్రభుత్వ బడుల్లోనే పని చేస్తామని మాట ఇవ్వాలి. నేర్పే టీచరును చూసి ఎంపిక చేస్తారు, నేర్పినందుకు డబ్బిస్తారు. ఆ చివరి మాట చదివినప్పుడు నాకు గురూజీ ముప్పావుగంటలు గుర్తొచ్చాయి. నెలకు ఇరవై రోజులు వేసుకున్నా ఏడాదికి ఎన్ని గంటలు! ఏ రిజిస్టరులోనూ వాటికి గడి లేదు. ఆయన ఇంటికి ఆలస్యంగా వెళ్ళారు, అంతే.

మహారాష్ట్రలో కొత్తగా ఉద్యోగం వచ్చిన టీచరు మొదటి మూడేళ్ళు శిక్షణ్ సేవక్. ప్రాథమిక బడిలో నెలకు 6,000 ఉండే గౌరవ వేతనాన్ని 2023లో 16,000 చేశారు. జీతం గురించి అందరూ మాట్లాడారు, మాట్లాడాల్సిందే. కానీ ఆ మూడేళ్ళూ ఆ సేవక్ పక్కన ఎవరుంటారని ఎవరూ అడగరు. మొదటి రోజే తరగతి మొత్తం అతని చేతిలో పడుతుంది. ఆ మూడేళ్ళలో మొదటి ఏడాది ఒక మంచి టీచరు గదిలో, ఒక స్టూలు మీద మొదలైతే పిల్లలకు ఎంత మేలో నేను చూశాను. మాలాంటి సరిహద్దు తాలూకాలకు ఇంకా ఎక్కువ అవసరం. ఇక్కడికి వచ్చే మరాఠీ టీచరుకు తెలుగు రాదు, మాడియా రాదు. పంతొమ్మిదేళ్ళలో గురూజీ నేర్చుకున్నది, ఆయన పదవీ విరమణతో ఆ కుట్టిన వహీలోనే ఉండిపోకూడదు.

ఏప్రిల్లో ఒక వారం బడి మొత్తం నాకు వదిలారు. ఆయన ఆఫీసు కాగితాలు ముందేసుకుని పక్క గదిలో కూర్చున్నారు. పిలిస్తే వస్తానన్నారు. నేను రెండుసార్లు పిలిచాను. నాలుగు తరగతులు ఒకేసారి నడపడం ఎలా ఉంటుందో ఆ వారంలో తెలిసింది. ఒక తరగతికి చెప్తుంటే మూడు తరగతులకు చేతిలో పని ఉండాలి, ఆ పని నిన్న సాయంత్రమే తయారై ఉండాలి. బుధవారం మధ్యాహ్నం అంతా గందరగోళమైంది. గురువారం మూడో తరగతి వాళ్ళను ఒకటో తరగతి పక్కన కూర్చోబెట్టాక సర్దుకుంది. చిన్న తరగతుల చదవడం, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ లక్ష్యం ప్రకారం మూడో తరగతి చివరికి పిల్లలు నిమిషానికి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి. రంజన్ దగ్గర చదివే పిల్లాడు 44 చదివాడు. కథ ఏమిటని అడిగితే తెలుగులో మొత్తం చెప్పాడు, కాకి ఎగిరిపోయేటప్పుడు చేతులు కూడా ఊపాడు. 44 అని వహీలో రాశాను, కథ చెప్పిన సంగతీ పక్కనే రాశాను.

మే 1న ఫలితాలు, తర్వాత సెలవులు. మే చివర్లో టెయిట్ మొదలైంది, రాసి వచ్చాను. జూన్ ఆఖర్లో బడి తెరిచాక మిగిలిన రోజులు పూర్తి చేశాను. రెండో పోస్టులోకి ఎవరో రాబోతున్నారని ఊళ్ళో అనుకుంటున్నారు. ఎవరో, ఏ వైపు వాళ్ళో తెలియదు. వాళ్ళ కోసం నా వంద పేజీల వహీని శుభ్రంగా మరాఠీలో తిరగరాశాను. ఒక్కో పిల్లకు ఒక పేజీ. ‘తెలివైనది’, ‘మొద్దు’ లాంటి మాటలు ఎక్కడా లేకుండా చూసుకున్నాను. పక్క పిల్ల రాశాకే రాసే పాప పేజీలో, ఆమెను చివర కూర్చోబెట్టండి, ముందు మాట్లాడించి తర్వాత రాయించండి అని రాశాను. ఎవరింట్లో నానమ్మ ఉందో, ఎవరు జనవరిలో వెళ్తారో రాశాను. గురూజీ అన్నీ చదివి, రంజన్ పిల్లాడి పేజీ దగ్గర ఆగి, పెన్ను తీసుకుని, కింద ఒక వాక్యం తానే కలిపారు: ‘చదువుతున్నప్పుడు ఆపవద్దు.’